చేంబర్లేను సుంకాలు – మన కోలారు బంగారం

ఉగాదినాడు పంచాంగ శ్రవణం జరిగేటప్పుడు ప్రతి రాశివారూ చెవి యొగ్గి వినేది ఆదాయ వ్యయములను గురించే. ఆదాయం రెండు, వ్యయం పదునాలుగు అని పంతులుగారు చదివితే ఆ రాశివారి మొగం చిన్నబోతుంది. దేశాలకు కూడా ఇటువంటి ఆదాయ వ్యయ పట్టికలు కలవు. అయితే వాటిని గ్రహాలు నిర్ణయించవు, మనుష్యులే నిర్ణయిస్తారు. ఒకరు కూర్చుండి వ్రాస్తారు, మరొకరు అనుభవిస్తారు. అట్టి పట్టిక నొకదానిని వ్రాయబూనిన ఒక ఆంగ్లేయ రాజకీయవేత్త కథను, ఆ పట్టికలో మన కోలారు బంగారు గనులకు దక్కిన చోటును గురించి నాలుగు మాటలు వ్రాయాలని మా సంకల్పం.

మేము పండితులము కాము. చదివినది మెట్రిక్యులేషను, చేసేది రైల్వేలో గుమాస్తా పని. అయినా సరుకు ఎక్కడ పుడుతుంది, ఎక్కడికి పోతుంది, దారిలో ఎవరెంత వసూలు చేస్తారు అన్నది ప్రతిరోజూ కాగితాలమీద చూసేవారము గనుక ఈ విషయం మాకు బొత్తిగా కొత్త కాదు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, కడప, అనంతపురం ప్రాంతాలనుండి తాతలనాడు ఇక్కడికి వచ్చిన కుటుంబాలవారు మనలో చాలామంది ఉన్నారు. మన పెద్దలు పలుగూ పారా పట్టుకొని దిగిన ఆ గనులకు, సముద్రాలకు ఆవల జరిగిన సుంకాల తగాదాకు సంబంధ మేమిటని అడుగవచ్చును. ఉన్నది. అదే ఈ వ్యాసం.

నీళ్లు, దీపాలు ఇచ్చిన మేయరు

జోసెఫ్ చేంబర్లేను 1836లో లండనులో జన్మించాడు. పదునెనిమిదవ యేట, అనగా 1854లో, బర్మింగుహాము నగరం వెళ్లి బంధువుల మరచీలల కార్ఖానాలో వ్యాపారం చూడసాగాడు. ఇరవై యేండ్లలో ఆ కార్ఖానాను గొప్ప స్థితికి తెచ్చి, చాలినంత ధనం గడించి, ఇంకా నలభై నిండకుండానే వ్యాపారం చాలించుకొని ప్రజాసేవలో దిగాడు.

ఆయన 1873 నుండి 1876 వరకు బర్మింగుహాముకు మేయరుగా ఉన్నాడు. అప్పటికి ఆ నగర జనాభా మూడు లక్షల పైచిలుకు. ఇనుము, ఇత్తడి, తుపాకులు, బొత్తాములు, కలం ములుకులు తయారుచేసే ఊరు. పొగ, మురికి, ఇరుకు సందులు, చెడిపోయిన బావులు. నీళ్లు ఒక కంపెనీ చేతిలో, వీధి దీపాల గ్యాసు మరి రెండు కంపెనీల చేతిలో ఉండేవి. కంపెనీలకు లాభం కావాలి. జనానికి నీళ్లు కావాలి. ఈ రెండూ ఒకే కావడిలో మోయడం కష్టమని చేంబర్లేను గ్రహించాడు. 1875లో గ్యాసు కంపెనీలను, 1876లో నీటి కంపెనీని నగరసభచేత కొనిపించాడు. గ్యాసుమీద వచ్చిన లాభాన్ని నగరాభివృద్ధికి వినియోగించారు. నీళ్లమీద మాత్రం లాభం తీయరాదని, నీరు ప్రాణావసరమని ఆయన వాదించాడు. మురికి పేటలను కొన్నిటిని పడగొట్టి విశాలమైన వీధి వేయించాడు. పిల్లలందరికీ చదువు చెప్పించాలని అంతకు ముందే ఒక ఉద్యమం నడిపాడు.

1876లో పార్లమెంటుకు ఎన్నికై, 1880లో వాణిజ్యశాఖ మంత్రి అయ్యాడు. కూలీవానికి కొంత భూమి ఉండాలి, ధనవంతులు తమ సంపదకు తగినట్లు పన్ను కట్టాలి అని ఆయన సభలలో చెబుతూ ఉంటే జమీందారులకు నిద్ర పట్టేది కాదు. తరువాత 1897లో ఆయన పట్టుదలవల్లనే కార్మికుల నష్టపరిహార చట్టం ఇంగ్లండులో వచ్చింది. పనిలో ఉండగా కార్మికుడు గాయపడితే తప్పు ఎవరిదని చూడకుండా యజమాని పరిహారం ఇవ్వాలన్నది దాని సారాంశం. రైల్వేలు, గనులు, కార్ఖానాలు దాని కిందికి వచ్చాయి. పాఠకులు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి. ఆ చట్టం వచ్చిన యేటికి మన గనుల్లో వేలమంది కూలీలు ఆంగ్లేయ కంపెనీల కిందనే పనిచేస్తున్నారు. వారికి అది వర్తించలేదు.

మలుపు

ఇంతటి సంస్కర్త మెల్లగా దారి మళ్లాడు. 1886లో ఐర్లండుకు స్వపరిపాలన ఇవ్వడానికి గ్లాడ్‌స్టను ప్రయత్నించగా, సామ్రాజ్యం ముక్కలవుతుందని చేంబర్లేను ఎదురు తిరిగి పార్టీ వదిలాడు. క్రమంగా కన్సర్వేటివులతో చేరి, 1895లో వలస రాజ్యాల మంత్రి అయ్యాడు. ఏ శాఖ కావాలంటే ఆ శాఖ దొరికే స్థితిలో ఉండి కూడా ఆయన కోరి తీసుకొన్నది వలస రాజ్యాల శాఖనే. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్లతో యుద్ధం వచ్చింది. ఆ నేల కింద కూడా బంగారమే ఉన్నదని వేరే చెప్పనక్కర లేదు.

దీనికి కారణ మేమిటి? ఆయన బుద్ధి మారిందని కొందరు, పదవి కోసమని కొందరు అన్నారు. మాకు తోచినది వేరు. బర్మింగుహాము కార్ఖానాలకు జర్మనీ, అమెరికా దేశాలు గట్టి పోటీదార్లయ్యాయి. ఆ దేశాలు తమ సరిహద్దుల్లో సుంకాల గోడ కట్టుకొని, లోపల తమ పరిశ్రమలను పెంచుకొని, బయట ఇంగ్లండు సరుకుతో పోటీ చేస్తున్నాయి. ఇంగ్లండు మాత్రం 1846లో ధాన్యపు సుంకాలు తీసివేసినప్పటినుండి తలుపులు బార్లా తెరచి కూర్చున్నది. తన ఊరి కార్మికునికి పని నిలవాలంటే సామ్రాజ్యమంతా ఒకే అంగడి కావాలని చేంబర్లేను లెక్క వేశాడు. అనగా ఆయన మనసులో మేయరు చచ్చిపోలేదు. నగరసభ గోడలను సామ్రాజ్యం అంచులదాకా జరపాలని చూశాడు, అంతే.

1903 మే 15వ తేదీన బర్మింగుహాము పురమందిరంలో ఆయన ఈ మాట బహిరంగంగా చెప్పాడు. దేశమంతా గగ్గోలు పుట్టింది. సెప్టెంబరులో మంత్రి పదవికి రాజీనామా చేసి ప్రచారానికి బయలుదేరాడు. అక్టోబరు 6న గ్లాస్గోలో వివరాలు బయట పెట్టాడు. విదేశీ గోధుమమీద క్వార్టరుకు రెండు షిల్లింగుల సుంకం. విదేశీ మాంసం, పాల సరుకులమీద నూటికి అయిదు. విదేశాల తయారీ సరుకులమీద సగటున నూటికి పది. సామ్రాజ్యంలోని గోధుమ, మాంసములకు మాత్రం సుంకం లేదు. బీదవారు తినే మొక్కజొన్నను, పంది మాంసపు ముక్కలను మినహాయించాడు. రొట్టె ధర కొంచెం పెరిగితే ఆ నష్టం పూడ్చడానికి టీ, పంచదారల మీది పన్ను తగ్గిస్తానన్నాడు.

ఈ ఏర్పాటును సామ్రాజ్య పక్షపాత సుంకం అనవచ్చు. దీని పని తీరు మన సంతలో చూచినట్లే. ఊరి వానికి సంత రుసుము లేదు, పొరుగూరి వానికి బండికి రెండణాలు అంటే, పొరుగూరి వాని సరుకు ఆ రెండణాల మేర ప్రియమవుతుంది. అప్పుడు ఊరివాడు కూడా ఒక అణా పెంచి అమ్ముకోవచ్చు. కొనేవాడు కొంచెం ఎక్కువ ఇస్తాడు, ఊరివాడు కొంచెం ఎక్కువ పుచ్చుకొంటాడు, సంత పెద్దకు రుసుము వస్తుంది. ఇందులో న్యాయం ఉన్నదా లేదా అన్నది ఊరివాడెవరు, సంత పెద్ద ఎవరు అన్నదానిమీద ఆధారపడుతుంది.

లిబరల్ పార్టీవారు పెద్ద రొట్టె, చిన్న రొట్టె బొమ్మలు గీసి ఊరూరా తిప్పారు. సుంకం పడితే రొట్టె చిన్నదవుతుందని భయపెట్టారు. దానికి జవాబుగా చేంబర్లేను 1903 నవంబరులో బర్మింగుహాము సభలో రెండు రొట్టెలు చేత పట్టుకొని, వీటిలో ఏది పెద్దదో చెప్పండని జనాన్ని అడిగాడు. జనం నవ్వారు గాని ఓట్లు వేయలేదు. 1906 ఎన్నికల్లో ఆయన పక్షం ఘోరంగా ఓడిపోయింది. ఆ జూలైలో డెబ్బదవ జన్మదినం నగరమంతా ఉత్సవంగా జరిగిన కొద్దిరోజులకే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. 1914 జూలైలో మరణించాడు.

హిందూదేశాన్ని అడిగినదెవరు?

ఈ తగాదాలో కెనడా పేరు వినవచ్చింది, ఆస్ట్రేలియా పేరు వినవచ్చింది. కెనడా 1897లోనే ఇంగ్లండు సరుకుకు రాయితీ ఇచ్చి, తనకు బదులు రాయితీ కావాలని అడుగుతున్నది. ముప్పై కోట్ల జనాభా గల హిందూదేశం పేరు మాత్రం వెనుక బెంచీలో పడింది. కారణం స్పష్టమే. కెనడాకు తన శాసనసభ, తన సుంకాలు ఉన్నాయి. కనుక దానితో బేరం చేయాలి. మనతో బేరం అవసరం లేదు, ఉత్తరువు చాలు.

అప్పటికి మన సుంకాలు ఎట్లుండేవో చూడండి. 1894లో ప్రభుత్వపు ఖజానా ఖాళీ అయి దిగుమతులమీద నూటికి అయిదు సుంకం వేశారు. లాంకషైరు మిల్లు యజమానులు గోల చేయగా, దిగుమతి బట్టకు సమానంగా మన దేశపు మిల్లు నూలుమీద కూడా పన్ను వేశారు. 1896లో దిగుమతి బట్టమీద మూడున్నర, మన మిల్లు బట్టమీద కూడా మూడున్నర అని స్థిరపరచారు. మన ఇంట్లో మనం నేసుకొన్న బట్టకు, సముద్రం దాటి వచ్చిన బట్టకు ఒకే పన్ను! దీనినే స్వేచ్ఛా వాణిజ్యం అన్నారు. ఈ పన్ను 1925 డిసెంబరు దాకా నిలిచింది. కాబట్టి చేంబర్లేనును ఓడించిన స్వేచ్ఛా వాణిజ్యవాదులు మనకు మిత్రులని అనుకొన్నా పొరబాటే.

ఒక చిత్రమేమంటే, మన తరపున అప్పుడు గట్టిగా లెక్క చెప్పినది సాక్షాత్తు కర్జను ప్రభువు ప్రభుత్వమే. ప్రజలంటే ఆయనకు ప్రీతి ఎక్కువని కాదు, ఖజానా లెక్క అటువంటిది. 1903 అక్టోబరులో ఇండియా ప్రభుత్వం లండనుకు పంపిన లేఖ సారాంశం ఇది: ఈ పథకంవల్ల ఇండియాకు కలిగే లాభం స్వల్పం, పోగొట్టుకొనే ప్రమాదం ఎక్కువ.

ఎందుకంటే, మనం కొనే సరుకులో సుమారు మూడింట రెండు పాళ్లు అప్పటికే ఇంగ్లండుదే. మనం అమ్మే సరుకులో మాత్రం ఎక్కువ భాగం జర్మనీ, ఫ్రాన్సు, అమెరికా, చైనా, జపాను వగైరా దేశాలకు పోయేది. పత్తి, జనుము, నూనెగింజలు, తోళ్లు అన్నీ ముడి సరుకులు. వాటిని ఆ దేశాలవారు సుంకం లేకుండానో తక్కువ సుంకానికో కొనేవారు. వారి సరుకుమీద మనం ఎక్కువ సుంకం వేస్తే వారు తిరిగి మన సరుకుమీద కక్ష తీర్చుకొంటారు. అదీగాక, ఇండియా ప్రతి యేటా లండనుకు అప్పుల వడ్డీ, తెల్ల ఉద్యోగుల పింఛనులు, రైలు కంపెనీలకు హామీ ఇచ్చిన వడ్డీ పంపవలసి ఉండేది. ఆ సొమ్ము రావలసినది ఇతర దేశాలకు అమ్మిన సరుకు మిగులునుండే. అమ్మకం తగ్గితే లండను బాకీ ఎట్లు తీరుతుంది? బాకీదారుని చేను ఎండిపోకూడదని వడ్డీ వ్యాపారి కోరినట్లు, కర్జను ప్రభుత్వం మన పక్షం వహించింది.

ఆ రోజుల్లో మన గనులు

ఇక మన చోటికి వద్దాము. లావెల్ అనే ఐరిషు సైనికుడు 1875లో మైసూరు ప్రభుత్వంనుండి బంగారం వెదకే అనుమతి పొందాడు. 1880లో కంపెనీలు లేచాయి. జాన్ టైలరు అండ్ సన్సువారు యాజమాన్యం వహించి, పెట్టుబడి దాదాపు హరించుకొనిపోయిన దశలో, 1884–85 ప్రాంతంలో అసలైన చాంపియను రీఫును పట్టుకొన్నారు. అక్కడినుండి వెనుదిరిగి చూడలేదు. మైసూరు, చాంపియను రీఫు, ఊరుగాము, నందిదుర్గము గనులు వెలిశాయి. 1894లో బౌరింగుపేట, అనగా నేటి బంగారుపేట, నుండి మారికుప్పం వరకు పది మైళ్ల రైలుమార్గం పడింది. మన రైల్వే కుటుంబాలవారికి ఇది అన్నం పెట్టిన మార్గం.

చేంబర్లేను గగ్గోలు లేవడానికి సుమారు పదిన్నర నెలల ముందు, 1902 జూను 30న, కావేరి జలపాతం వద్ద శివసముద్రంలో పుట్టిన విద్యుత్తు 92 మైళ్లు తీగలమీద ప్రయాణించి మన గనులకు చేరింది. ఆనాటికి ప్రపంచంలోనే అతి దీర్ఘమైన విద్యుత్ మార్గాలలో అది ఒకటి. దివాను శేషాద్రి అయ్యరుగారు ఈ పథకానికి అండగా నిలిచారు. అది పూర్తి కావడం చూడకుండానే 1901లో కాలధర్మం చెందారు. జోలీ ద లోట్బినియేరు అనే ఇంజనీరు అమెరికా, యూరపులు తిరిగి యంత్రాలు నిర్ణయించాడు.

ఇందులో పాఠకులు గమనించవలసిన ముచ్చట ఒకటున్నది. ఆ విద్యుత్ యంత్రాలు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవి. నీటి చక్రాలు స్విట్జర్లాండులోని ఎషర్ వీస్ కంపెనీవి. గనులు ఇంగ్లీషువారివి, సంస్థానం ఇంగ్లీషువారి నీడలోనిది, అయినా యంత్రాలు అమెరికా, స్విస్సు దేశాలవి. చేంబర్లేను భయపడినది సరిగా దీనికే. మరి ఆయన సుంకాలు ఆనాడు మద్రాసు రేవుల్లో అమలై ఉంటే ఆ యంత్రాల ధరమీద అదనపు బరువు ఎవరు మోసేవారు? మైసూరు ఖజానా, అనగా కోలారు, తుముకూరు రైతు. సంస్థానానికి తన సొంత రేవు లేదు. రేవు సుంకం వసూలు చేసేది బ్రిటిషు ఇండియా. వేసే పన్నులోనూ, వచ్చే రాబడిలోనూ మైసూరుకు మాట లేదు.

బంగారం సంగతి చూడండి. 1905 ప్రాంతంలో గనుల దిగుబడి శిఖరానికి చేరింది. బంగారానికి ఏ దేశంలోనూ సుంకపు గోడ అడ్డు లేదు. దాని ధర లండనులో కట్టిన ధర, ఔన్సుకు నాలుగు పౌనుల అయిదు షిల్లింగులకు కాస్త తక్కువ. ఎంత తవ్వినా, ఎంత లోతుకు దిగినా, ఎందరు చచ్చినా అదే ధర. మైసూరు ప్రభుత్వానికి రాయల్టీ నూటికి అయిదు చొప్పున ముట్టేది. లాభం లండను వాటాదారులకు పోయేది. కూలీవానికి కూలి. బర్మింగుహాములో నీటిమీద లాభం తీయరాదన్న మాట, మన కూలీల లైను ఇండ్లలో మంచినీటి కుళాయి వద్ద క్యూ కట్టిన వారికి ఎవరూ చెప్పలేదు. చేంబర్లేను దుర్మార్గుడని మేము అనము. ఆయనకు తన ఊరి కార్మికుని కష్టం తెలుసు. మన ఊరి కార్మికుడు ఆయన లెక్కలో కార్మికుడు కాడు, సామ్రాజ్యపు ఆస్తిలో ఒక భాగం.

ముద్దేనహళ్లి జవాబు

చేంబర్లేను అడిగిన ప్రశ్న మాత్రం తప్పుడు ప్రశ్న కాదు. మన వానికి పని దొరికేటట్లు సరుకు ఇచ్చటే తయారు కావాలి గదా అన్నది ఆ ప్రశ్న. దానిని మన వైపునుండి అడిగినవారు ఈ కోలారు సీమలోనే పుట్టారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మస్థలమైన ముద్దేనహళ్లి ఆనాడు కోలారు జిల్లాలోనిది, నేడు చిక్కబళ్లాపురం జిల్లాలో ఉన్నది. ఆయన పూర్వికుల మోక్షగుండం తెలుగు సీమలోని గ్రామం. వలస వచ్చిన తెలుగు కుటుంబం బిడ్డ అని మనం సగర్వంగా చెప్పుకోవచ్చు.

ఆయన 1912 నుండి 1918 వరకు మైసూరు దివాను. 1913లో మైసూరు బ్యాంకు పెట్టించారు. మొదటి ప్రపంచయుద్ధం రాగానే ఒక పెద్ద చిక్కు వచ్చింది. మైసూరు గంధపు చెక్క అప్పటిదాకా ఎక్కువగా జర్మనీకి పోయి అక్కడ నూనె అయ్యేది. యుద్ధంతో ఆ దారి మూతపడి చెక్క గిడ్డంగుల్లో పడిపోయింది. దాంతో ఇక్కడనే నూనె తీయడం ప్రారంభించారు, దానివెంట సబ్బు వచ్చింది. నేటికీ మన స్నానాల గదిలో ఉండే మైసూరు శాండల్ సబ్బు అట్లు పుట్టినదే. సామ్రాజ్య పక్షపాతం కాదు, తన చెక్కను తానే నూనె చేసుకోవడమే దారి అని ఆ సబ్బు చెబుతున్నది. భద్రావతి ఇనుప కార్ఖానాకు కూడా ఆయనే పునాది. పరిశ్రమలు పెంచుకొనకపోతే ఈ దేశానికి మనుగడ లేదన్నది ఆయన జీవితకాలమంతా చెప్పిన మాట.

కొడుకు నెరవేర్చిన తండ్రి కోరిక

1914లో తండ్రితో ముగిసిన కథను 1932లో కొడుకు పూర్తి చేశాడు. నెవిలు చేంబర్లేను ఇంగ్లండు ఆర్థికమంత్రిగా ఉండి, 1932 ఫిబ్రవరి 4న పార్లమెంటులో దిగుమతి సుంకాల బిల్లు ప్రవేశపెట్టాడు. తండ్రి తలపెట్టిన పని తన చేతిమీదుగా జరుగుతున్నదని సభలో చెప్పుకొన్నాడు. ఆ జూలై, ఆగస్టు నెలల్లో కెనడాలోని ఒట్టావా నగరంలో సామ్రాజ్య దేశాల సమావేశం జరిగి పక్షపాత సుంకాల ఒడంబడికలు కుదిరాయి. ఇండియా తరపున సర్ అతుల్ చటర్జీ నాయకత్వాన కొందరు వెళ్లారు. వారిలో మన పొరుగువారైన కోయంబత్తూరు షణ్ముఖం చెట్టిగారు ఒకరు. కాని వారిని పంపినది ప్రభుత్వం, ప్రజలు కాదు. 1936లో కేంద్ర శాసనసభ ఆ ఒడంబడికను రద్దు చేయాలని తీర్మానించింది.

ఆ సంవత్సరాలు మన గనుల్లో వింత సంవత్సరాలు. 1931 సెప్టెంబరు 21న ఇంగ్లండు బంగారు ప్రమాణం వదిలింది. అప్పటిదాకా స్థిరంగా ఉన్న బంగారం ధర కదిలింది, 1935 నాటికి ఔన్సుకు ఏడు పౌనులు దాటింది. తవ్వినా గిట్టదని వదిలిన రాయి కూడా గిట్టసాగింది, గనులు ఇంకా లోతుకు దిగాయి. అదే సమయంలో మన జిల్లాలలో వేరుసెనగ, వడ్ల ధరలు కూలిపోయి, రైతులు శిస్తు కట్టడానికి, అప్పు తీర్చడానికి ఆడవాండ్ల మెడలోని బంగారం అమ్ముకొన్నారు. ఆ బంగారం ఓడలెక్కి లండను చేరింది. నేల కింద తవ్విన బంగారం ఒక దారిని, నేలమీద ఇంట దాచుకొన్న బంగారం మరొక దారిని, రెండూ ఒక్క రేవుకే పోయాయి. ఆదాయ వ్యయ పట్టిక అంటే మేము చెప్పినది ఇదే.

మన చేతికి వచ్చిన కలం

స్వాతంత్ర్యం వచ్చాక పట్టిక వ్రాసే కలం మన చేతికి వచ్చింది. మన బంగారుపేట తాలూకా క్యాసంబళ్లికి చెందిన కె. చెంగలరాయరెడ్డిగారు మైసూరులో బాధ్యతాయుత ప్రభుత్వం కొరకు పోరాడి, 1947లో తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1961 నుండి 1963 వరకు కేంద్రంలో వాణిజ్య పరిశ్రమల మంత్రి. కాలం చేసే చమత్కారం చూడండి. సరిగా ఆ రోజుల్లోనే ఇంగ్లండు యూరపు ఉమ్మడి విపణిలో చేరబోయింది. చేరితే మన టీకి, బట్టకు ఇంగ్లండులో ఉన్న పాత రాయితీలు పోతాయి. ఒకనాడు మనమీద రుద్దబోయిన పక్షపాతాన్ని, పోకుండా కాపాడుకోవలసిన అగత్యం మన ప్రభుత్వానికి వచ్చింది. కోలారు గనుల పొరుగున పుట్టినాయన ఆ సమయంలో దేశ వాణిజ్యమంత్రి! 1963 జనవరిలో ఫ్రాన్సు అడ్డుపడగా ఆ గండం తాత్కాలికంగా తప్పింది. 1973లో ఇంగ్లండు చేరనే చేరింది, చేంబర్లేను కల అంతటితో ముగిసింది.

గనులను 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్ర ప్రభుత్వం తీసుకొన్నాయి. కలం మనదైనంత మాత్రాన కష్టాలు తీరలేదు. ఏండ్ల తరబడి గనుల బంగారాన్ని ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి కట్టిన ధరకే పుచ్చుకొన్నది. బజారు ధర అంతకంటె ఎంతో ఎక్కువ. గనుల ఖాతాలో నష్టం కనబడటానికి అదొక కారణం, లోతు పెరిగి ఖర్చు పెరగటం మరొక కారణం. సుమారు మూడు కిలోమీటర్లు పైబడిన లోతుకు దిగి, నూటయిరవై యేండ్లలో సుమారు ఎనిమిదివందల టన్నుల బంగారం ఇచ్చిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మేమప్పుడు బడిపిల్లలము. మా ఇండ్లలో పెద్దలు ఆ రోజు ఏమీ మాట్లాడలేదన్నది మాత్రం జ్ఞాపకం.

నేడు తెల్లవారక ముందే మారికుప్పంనుండి బయలుదేరే రైళ్లు మన పిల్లలతో కిటకిటలాడుతూ బెంగుళూరు పోతున్నాయి, చీకటి పడ్డాక తిరిగి వస్తున్నాయి. ఒకప్పుడు ఈ మార్గాన బంగారం పోయింది, ఇప్పుడు మనుష్యుల పనిదినం పోతున్నది. ఊరి చుట్టూ సైనైడు మట్టి దిబ్బలు మిగిలాయి.

దీనినుండి మనం గ్రహించవలసినది ఏమి? స్వేచ్ఛా వాణిజ్యమా, రక్షణ సుంకమా అన్నది పెద్దలు తేల్చవలసిన వాదం. రెండింటివల్లా మేలు పొందినవారు ఉన్నారు, రెండింటివల్లా చెడినవారు ఉన్నారు. చేంబర్లేను బర్మింగుహాముకు నీళ్లిచ్చినప్పుడు, పన్ను కట్టేవాడు ఆయనను నిలదీసి అడుగగలిగాడు, ఓటు వేసి దింపగలిగాడు. అందుకే ఆ పని మంచి పని అయింది. సామ్రాజ్య సుంకాలు తలపెట్టినప్పుడు, భరించవలసినవారిలో ముప్పై కోట్లమందికి ప్రశ్నించే హక్కు లేదు. మనిషి అదే, తెలివి అదే, పట్టుదల అదే. లేనిదల్లా అడిగేవాడు.

కనుక మన సంఘ సభ్యులకు మా మనవి ఒకటే. గనుల భూముల గురించి, దిబ్బల గురించి, ఇండ్ల పట్టాల గురించి, కొత్త కార్ఖానాల గురించి ఎక్కడ ఏ సభ జరిగినా మనం పోవాలి, కూర్చోవాలి, లెక్క అడగాలి. మన తమిళ, కన్నడ సోదరులతో కలిసి అడగాలి. గని లోపల ఏ భాషవాడని రాయి చూడలేదు. మన పిల్లలకు లెక్కలూ చరిత్రా రెండూ నేర్పాలి. లెక్క రానివానికి తన నష్టమెంతో తెలియదు, చరిత్ర తెలియనివానికి అది ఎందుకు వచ్చిందో తెలియదు.

ఈ నూతన సంవత్సరంలో మన కుటుంబాలన్నిటికీ ఆదాయం హెచ్చుగా, వ్యయం మితంగా, అవమానం శూన్యంగా ఉండుగాక అని కోరుతున్నాము.